బ్యాటరీ నిండినా ఆగని కరెంటు

దెయ్యాల్ని నమ్మే తీరిక నాకెప్పుడూ లేదు. బాపట్లలో నర్సుగా మొదలుపెట్టి ఇంగ్లండులో న్యూకాసిల్ దాకా వచ్చాను. ఎంతమందికో కళ్లు మూసి, ఆఖరి స్నానం చేయించి, చేతులు కడుక్కుని వెళ్లి శాండ్‌విచ్ తిన్నదాన్ని. నన్ను భయపెట్టేది వచ్చే వారం డ్యూటీల రోటా ఒక్కటే. మనుషుల్ని మాత్రం అనుమానిస్తాను, అది ఒప్పుకుంటాను.

మా ఆయన రాజుకి గుండెలో స్టెంట్ వేశాక, సిగరెట్ ముట్టనని బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పారు. ఊరికే ఉంటే చెయ్యి అటే పోతుందని పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నారు. లోపల మంచం, పొయ్యి, సింకు అన్నీ ఉన్న పెద్ద వ్యాను. అమ్మినావిడ పేరు జూన్, డెబ్బై దాటిన మనిషి. తాళాలిస్తూ కళ్లు తుడుచుకుంది. భర్త పోయాడు కాబోలనుకుని మేమేమీ అడగలేదు.

రాజు ఆ బండితోనే కాపురం పెట్టారు. మంచం పక్కన మాడిపోయిన సాకెట్ ఒకటి కనబడితే, ప్రమాదమని మొదటి రోజే దాని వైరు కత్తిరించేశారు. బండి పైకప్పు మీది సోలార్ ప్యానెల్ ఎంత కరెంటు ఇస్తోందో ఫోన్లో కనబడేలా ఇంటి వైఫైకి కలిపారు. నేనడక్కపోయినా నా ఫోన్లోనూ పెట్టారు.

అందులో రెండు అంకెలుంటాయి. ఒకటి ప్యానెల్ నుంచి వచ్చే కరెంటు, రెండోది బ్యాటరీలోకి వెళ్లే కరెంటు. మంచి ఎండలో కూడా రెండూ సున్నా దగ్గరే ఉంటే, ప్యానెల్ పాడైందని నేను గోల చేశాను. రాజు నవ్వారు.

"పాడవలేదు సునీతా, బ్యాటరీ నిండిపోయింది. కడుపు నిండినోడు ఎంత వడ్డించినా తింటాడా? లోపల ఎవరైనా ఫ్యాన్ వేశారనుకో, ఆ ఫ్యాన్‌కి కావాల్సినంత మటుకు ప్యానెల్ ఇస్తది. లేదంటే ఊరుకుంటది."

ఆ మాటే నా బుర్రలో దూరింది. ఒకరోజు వార్డులో లంచ్ బ్రేకులో ఫోన్ తెరిచాను. బ్యాటరీ నిండుగా ఉంది, అందులోకి ఏమీ వెళ్లడం లేదు. ప్యానెల్ మాత్రం మూడు ఆంపియర్లు ఇస్తోంది. అంటే లోపల ఎవరో వాడుతున్నారు. మర్నాడూ అదే వేళకి అంతే. బండి పైకప్పులో గాలి బయటికి లాగే ఫ్యాన్ ఉంది, అది తినేది అటూ ఇటూగా అంతే. పొగ బయటికి లాగడానికి అంతకన్నా మంచి ఫ్యాన్ దొరకదు. ఇల్లు కదలకుండా ఉద్యోగం చేసే మనిషికి మధ్యాహ్నం అడ్డెవరు?

"ఇవాళ బండిలోకి వెళ్లారా?" అనడిగాను సాయంత్రం.

"నేనా? ఎందుకు? ఎవరు చెప్పారు?" అన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

చొక్కాలన్నీ వాసన చూశాను. ఏ వాసనా లేదు. మాయగాడు, ఉతికేస్తున్నాడనుకున్నాను.

ఇక లాభం లేదని బండి తాళాలు రెండు జతలూ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని డ్యూటీకి వెళ్లాను. స్నేహితురాలితో షిఫ్టు మార్చుకుని మధ్యాహ్నమే బస్సెక్కాను. దారిలో ఫోన్ తీసి చూసినప్పుడల్లా మూడే ఉంది. ఇంటికొచ్చి చూస్తే రాజు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగులో ఉన్నారు. చేతిలో కొవ్వు కారే సాసేజ్ రోల్. ఆయన దొంగతనం అదన్నమాట! స్టెంట్ వేసిన మనిషి! ఆ లెక్క తర్వాత తేలుద్దామనుకున్నాను. ఎందుకంటే మనిషి నా ఎదురుగా ఉన్నారు, తాళాలు నా దగ్గరున్నాయి, ఫోన్లో ఇంకా మూడే ఉంది.

వెళ్లి బండి తలుపు తీశాను. ఫ్యాన్ లేదు, లైటు లేదు, ఫ్రిజ్ ఆపే ఉంది. ఎవరూ లేరు. తలుపు పక్కన చిన్న స్క్రీన్ మీద అవే అంకెలు. దగ్గర నుంచి చూస్తే ప్యానెల్ అంకె నిలకడగా లేదు. మూడుకి ఎక్కి, మెల్లగా రెండుకి దిగి, మళ్లీ ఎక్కుతోంది. మబ్బులేమో అనుకుందామంటే ఆకాశమంతా ఒకే బూడిద రంగులో ఉంది. నాకు తెలియకుండానే వాచీ చూసుకుంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను, వార్డులో పేషెంట్ పక్కన నిలబడ్డట్టు. హాయిగా నిద్రపోతున్న మనిషి ఊపిరి అలాగే ఉంటుంది.

ఆ సంగతి రాజుకి చెప్పలేదు. కరెంటు ఎక్కడో కారుతోందన్నాను. ఆయన మెయిన్ స్విచ్ ఆపేశారు. అంకె ఆగలేదు. మీటరు మార్చారు. కొత్తదీ అదే చూపించింది. ఆయన సిగరెట్ తాగి ఉన్నా బాగుండేదనిపించింది. తిట్టడానికి ఒక మనిషన్నా ఉండేవాడు.

గ్యాస్ సిలిండర్ గురించి అడిగే వంకతో జూన్‌కి ఫోన్ చేశాను. మాటల్లో, మీవారు పోయారు కదా పాపం అన్నాను.

"రాన్ పోయాడని ఎవరన్నారు?" అంది చురుగ్గా.

ఆయన కార్లైల్ ఊళ్లో, ముసలివాళ్లని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో ఉన్నాడు. జ్ఞాపకం పోయింది. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుంది, మాస్కు ఉన్న మెషీన్ పెట్టుకునే పడుకుంటాడు. బండిలో తిరిగిన రోజుల్లోనూ మధ్యాహ్నం భోజనం కాగానే అది తగిలించుకుని ఒక కునుకు తీసేవాడట. "ఇప్పుడూ అంతే. లేవగానే, బండిలో పడుకుని వచ్చాను అంటాడు పిచ్చివాడు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కొన్ని వారాల తర్వాత, మళ్లీ లంచ్ బ్రేకులో ఫోన్ చూశాను. అంకె గబగబా ఎక్కింది, తగ్గింది, సున్నా దగ్గర ఆగింది. చాలాసేపటికి మళ్లీ ఎక్కింది, మళ్లీ ఆగింది. అలాంటి ఊపిరి మా వార్డులో కనబడితే ఇంటివాళ్లకి ఫోన్ చేసి వెంటనే రమ్మంటాం. జూన్ ఆదివారాలే వెళ్తుంది. ఆ రోజు ఆదివారం కాదు.

ఫోన్ చేస్తే నన్ను పిచ్చిదనుకుంటుంది. చేయకపోతే ఆయన ఒంటరిగా పోతాడు. చేశాను.

"జూన్, ఇప్పుడే రాన్ దగ్గరికి వెళ్లండి. బస్సు వద్దు, టాక్సీలో వెళ్లండి."

"కేర్ హోమ్ వాళ్లు నీకు చెప్పారా?"

"లేదు. దయచేసి వెళ్లండి."

టీ వేళకి అంకె సున్నాకి దిగి, అక్కడే ఉండిపోయింది. సిస్టర్స్ రూములో కూర్చుని ప్రార్థన చేసుకున్నాను.

అంత్యక్రియలయ్యాక జూన్ ఫోన్ చేసింది. సమయానికి చేరానని, చెయ్యి పట్టుకునే ఉన్నానని చెప్పింది. కానీ గొంతులో కృతజ్ఞత కన్నా అనుమానమే ఎక్కువగా ఉంది. "నువ్వు నర్సువి. ఆయన రికార్డులు చూశావా?" అనడిగింది. ఇక్కడ ఆ పని చేస్తే ఉద్యోగం పోతుంది. అబద్ధం తోచలేదు.

"చూడలేదు. మీ బండిలో మీటరు చూశాను. కరెంటు ఊపిరిలా ఎక్కుతూ దిగుతూ ఉండేది," అన్నాను.

జూన్ చిన్న గొంతుతో అడిగింది. "మంచం పక్కనున్న సాకెట్ నుంచేనా?"

ఆ సాకెట్‌కి వైరే లేదని చెప్పడానికి నాకు మనసు రాలేదు. అవునన్నాను.

మీటరు దానంతటదే బాగుపడిందని రాజు అంటారు. నేను ఊఁ కొడతాను. అదెలా జరిగిందో నాకీ రోజుకీ తెలియదు. ఇప్పటికీ లంచ్ బ్రేకులో ఫోన్ తెరుస్తాను. బ్యాటరీ నిండుగా ఉంటుంది, ప్యానెల్ ఊరుకుని ఉంటుంది. అంతా సరిగ్గా ఉన్నట్టే లెక్క. ఆ సున్నా చూస్తే మాత్రం నాకు ఏడుపొస్తుంది.