బేస్తారం నాడు వచ్చిన ఐతారం

నా చిన్నప్పుడు మా గల్లీలో ఒక్క పిల్లకీ పుట్టినరోజు ఉండేది కాదు. పుట్టిన మాట నిజమే, లేకపోతే అంత గోల ఎవరు చేస్తారు? ఏ రోజు పుట్టామన్నదే ఎవరికీ పట్టలేదు. మా అమ్మను అడిగితే నేను పీర్ల పండుగకు ముందు, తమ్ముడు సీతాఫలాలు అమ్మకానికొచ్చే రోజుల్లో పుట్టామని చెప్పేది. ఏ ఏడాది పీర్ల పండుగ అంటే గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు అనేది. ఏ గత్తర అని అడిగితే వీపు మీద ఒకటి వేసి పొయ్యి దగ్గరికి పోయేది.

మా ఇల్లు యాకుత్‌పురాలో, రైలు పట్టాలకు దగ్గర. గల్లీ చివర పెంకులు కప్పిన చిన్న ప్రార్థన గది ఒకటి ఉండేది. దాన్నే మేము చర్చి అనేవాళ్లం. గంట కొనే తాహతు లేక, దాని ముందున్న వేపచెట్టుకు ఒక రైలుపట్టా ముక్కను వేలాడదీసి ఇనుప కడ్డీతో కొట్టేవాళ్లు. అది నవాబు పాలన, పట్నంలో సెలవంటే శుక్రవారమే. ఆదివారం, మా నోట్లో ఐతారం, బడీ ఉండేది, కార్ఖానా పనీ ఉండేది. అందుకని మా ఆరాధన తెల్లవారుతూనే మొదలై ఎండ ఎక్కకముందే అయిపోయేది. ఆ తర్వాత మా బాపు వడ్రంగి పనికి, మేము బడికి. ఐతారమని మాకు ఎలా తెలిసేదంటే, పట్టా మోగేది, ఉతికిన బట్టలు దొరికేవి, చేతిలో ఇన్ని పుట్నాలూ బెల్లం పడేవి.

ఆ పుట్నాలు పెట్టేది పక్కింటి అక్క. ఐతారం పిల్లల క్లాసు ఆమెదే, సాయంత్రాలు తన ఇంటి అరుగు మీద ట్యూషనూ ఆమెదే. బడిలో చదువంతా ఉర్దూ కాబట్టి మేము తెలుగు అక్షరాలు దిద్దింది ఆ అరుగు మీదనే. ఆమెకు ఒక పట్టుదల ఉండేది. పిల్లలు ఏం అడిగినా జవాబు చెప్పాలి, నోరు ముయ్యమని అనకూడదు. మా ఇళ్లల్లో రోజంతా వినేది ఆ మాటే కాబట్టి, మేము ఆమె ప్రాణం తోడేసేవాళ్లం.

నోవహు ఓడ కథ చెప్పిన రోజు ఒకడు లేచి, ఆ ఓడ మూసీలో కూడా వచ్చిందని, కిషన్‌బాగ్ దగ్గర వాళ్ల తాత కళ్లారా చూశాడని అన్నాడు. మీ తాత చూసింది వరదలో కొట్టుకుపోయే ఇంటి కప్పు అని అక్క అంది. "కప్పు మీద కోళ్లు గూడ ఉన్నయంట" అన్నాడు వాడు. అక్క కాసేపు ఆలోచించి, "కోళ్లుంటే అదేనేమోరా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అందరికంటే ఎక్కువ అడిగేది మా తమ్ముడే. వాడికి ఆరేళ్లుంటాయేమో, గల్లీ నల్లా దగ్గర అమ్మ వెంట లైన్లో నిలబడి నిలబడి వాడి లోకమంతా నీళ్ల చుట్టే తిరిగేది. "అక్కా, పరలోకంల నల్లా ఎన్ని గొట్టంగ వస్తది?" అని ఒకరోజు అడిగాడు, ఎన్ని గంటలకని. అక్కడ నల్లా ఎప్పుడూ బంద్ కాదని అక్క చెప్పింది. వాడికి నచ్చలేదు. "మరి లైన్ల నిలబడేది లేకుంటే పొద్దెట్ల పోతది? లొల్లి ఎవలతోని పెట్టుకుంటరు?" అన్నాడు. అక్క నవ్వు ఆపుకోలేక క్లాసు అంతటితో ముగించింది.

పట్నంలో ఏదో పెద్ద చర్చిలో అక్క ఒక పద్ధతి చూసొచ్చింది. పుట్టినరోజు పిల్లను ముక్కాలిపీట మీద నిలబెట్టి అందరూ పాట పాడతారు. మా దగ్గర కూడా అలా చేద్దామంటే ఎవరికీ పుట్టినరోజు లేదాయె. అప్పుడు ఆమె మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, పుట్నాలు పంచినట్టు పుట్టినరోజులు పంచింది. నాకు చలికాలంలో ఒక ఐతారం ఇచ్చింది. ఈ రోజుకీ నా కాగితాలన్నింటి మీద ఉన్నది ఆ తేదీయే. తమ్ముడు మాత్రం తనకు క్రిస్మసే కావాలని మొండికేశాడు. అది యేసుప్రభువుది, ఇంకొకరికి ఇవ్వడం కుదరదని అక్క అంది. "అందరికి అన్ని ఇస్తడంటవ్ గదా, పుట్టినరోజుల సగం ఇయ్యడా?" అన్నాడు వాడు. సగం నీదే పో అని అక్క ఒప్పుకుంది. ఆ రోజు వాడు గల్లీ అంతా తిరిగి, ఆ సగం సంగతి మేకలకు కూడా చెప్పాడు.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో వాడికి సన్నిపాత జ్వరం, అంటే టైఫాయిడ్, పట్టుకుంది. ఇప్పుడైతే నాలుగు గోళీలతో పోయే రోగం. అప్పుడు దానికి మందే లేదు. గట్టిది ఏదీ నోట్లో పెట్టొద్దని, పేగులు తెగిపోతాయని దవాఖాన డాక్టరు చెప్పాడు. బార్లీ జావ, అదీ చెంచాలతో, నీళ్లు కూడా నిండా తాగించొద్దన్నాడు. మా తమ్ముడు నీళ్లు, నీళ్లు అని ఏడ్చేవాడు. అమ్మ తడిగుడ్డతో పెదాలు అద్ది, ముఖం అటు తిప్పుకునేది. క్రిస్మస్‌కు ఇంకెన్ని ఐతారాలున్నాయని వాడు రోజూ అడిగేవాడు. మూలిగి మూలిగి అడిగేవాడు.

ఒక బుధవారం బాపు దవాఖాన నుంచి వచ్చి నేరుగా పొయ్యి దగ్గరికి పోయి అమ్మతో మెల్లగా ఏదో చెప్పాడు. నేను తలుపు చాటునే ఉన్నాను. వాడు ఐతారం దాకా కూడా ఉండడని డాక్టరు అన్నాడట. అమ్మ ఏడవలేదు. పొయ్యిలో కట్టె ఎగదోసింది, మళ్లీ వెనక్కి లాగింది, మళ్లీ ఎగదోసింది.

సాయంత్రం అక్క వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది. అమ్మ ఆమెకు అంతా చెప్పేసింది. తమ్ముడు మళ్లీ అదే అడిగాడు, ఇంకెన్ని ఐతారాలని. అక్క వాడి జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, "క్రిస్మస్ నాడు మస్తు మంది వస్తరు, నీ పాట ఎవలకు వినపడది. అందుకే నీ సగం ముంగటికి జరిపించిన. నీ పుట్టినరోజు రేపే" అంది. "రేపు ఐతారమా?" అన్నాడు వాడు. జ్వరంలో వాడికి రోజుల లెక్క ఎప్పుడో తప్పిపోయింది. "ఐతారమే" అంది అక్క. రేపు గురువారమని, మా మాటలో బేస్తారమని, ఆ ఇంట్లో వాడికి తప్ప అందరికీ తెలుసు.

మా బాపు ఎంత మంచివాడో అంత మూర్ఖపు పట్టు మనిషి. అబద్ధమంటే ఒప్పుకోడు. అక్కను వాకిట్లో ఆపి, "దేవుని దినాన్ని మార్చేటందుకు నువ్వెవరు బిడ్డా?" అన్నాడు. అక్క తల వంచుకుని, "నేనేం మారుస్తలేను చిన్నాయినా. వాని పుట్టినరోజుకు ఇంకో దినం లేదు" అంది. బాపు కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

అక్కకు మిగిలిన ఫికరంతా పట్టా గురించే. అది మోగకపోతే ఐతారమంటే వాడు నమ్మడు. కానీ మా దగ్గర మామూలు రోజున పట్టా మోగిందంటే ఎవరో పోయారని అర్థం. ఆ కడ్డీ ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. తెల్లవారుతూనే అక్క క్లాసు పిల్లలందరినీ ఉతికిన బట్టలతో మా ఇంటికి తోలుకొచ్చింది. వాళ్లకు ముందే అంతా చెప్పి పెట్టింది. అయినా అందరికంటే చిన్నది, ఎప్పుడూ ముక్కు కారుతుండే ఒక పిల్ల, గడప దాటుతూనే "ఇయ్యాల బేస్తారం గదా అక్కా?" అంది. అక్క తడుముకోలేదు. "గీ లెక్కలు రాకనే గదా నిన్ను ట్యూషన్‌కు తోలిన్రు" అంది. తమ్ముడు ఎన్నాళ్లకో నవ్వాడు.

కానీ చెవి మాత్రం బయటికే పెట్టి ఉన్నాడు. పట్టా ఇంకా మోగలేదేమని అడిగాడు. అక్క వాడి తల దువ్వుతూ ఏదో చెప్పబోయింది, అంతలోనే మోగింది. చావు మోత మెల్లగా, ఆగి ఆగి ఉంటుంది. ఇది ఐతారం మోత, గబగబా, గట్టిగా. అక్క ఇక్కడుంటే అక్కడెవరని నేను బయటికి ఉరికి చూశాను. వేపచెట్టు కింద మా బాపు, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని కొడుతున్నాడు. కొడుతూ కొడుతూ బిగ్గరగా ఏడుస్తున్నాడు. ఆ మోతలో ఆయన ఏడుపు ఎవరికీ వినపడలేదు.

మామూలు రోజున పట్టా వినేసరికి గల్లీ అంతా మా ఇంటి మీదికి పరిగెత్తుకొచ్చింది. అందరికంటే ముందు పై ఇంట్లో ఉండే సాయిబుల పెద్దామె వచ్చింది. మేమంతా ఖాలా అనేవాళ్లం. నల్లా దగ్గర ఆమె నోటికి జడవనివాళ్లు లేరు, ఉన్నదున్నట్టు ముఖం మీదే అనే మనిషి. యా అల్లా అంటూ రొమ్ము బాదుకుంటూ వచ్చి, తల దువ్వుకుని దిండుకు ఆనుకుని కూర్చున్న పిల్లవాణ్ణి చూసి అక్కడే నిలబడిపోయింది. వాడు ఆమెనే అడిగాడు. "ఖాలా, ఆజ్ ఇత్వార్ హై నా?" ఇవాళ ఆదివారమే కదా అని. ఖాలా ఒక్కసారి మా అమ్మ ముఖం చూసింది. "హౌ బేటా, ఇత్వారిచ్ హై" అంది, అవును ఆదివారమేనని.

అంతలో వాకిట్లో ఫకీరు కేక వినిపించింది. గురువారం గురువారం నెమలీకల కట్టతో, సాంబ్రాణి ధూపంతో వచ్చే ముసలి ఫకీరు. ఆ సంగతి తమ్ముడికి తెలుసు. "జుమ్మేరాత్ ఫకీర్ ఇయ్యాల ఎందుకొచ్చిండు?" అని కనుబొమలు ముడిచాడు. "బుడ్డా హై బేటా, దిన్ భూల్ గయా" అంది ఖాలా. ముసలాడు, రోజులు మర్చిపోయాడట. గడపలో నిలబడ్డ ఆ ఫకీరు మా ముఖాలు, మంచం మీది పిల్లవాణ్ణి చూశాడు. లోపలికొచ్చి, తప్పు ఒప్పుకున్నట్టు తలూపి, వాడి తల మీద నెమలీకలు తిప్పి వెళ్లిపోయాడు.

వాడు పీట మీద నిలబడలేడు కాబట్టి మంచం మీదనే కూర్చోబెట్టి అందరం పాట పాడాం. పుట్నాలు పంచారు. అప్పుడు మా అమ్మ కొంచెం బెల్లం తీసి వాడి నాలుక మీద పెట్టింది. తర్వాత చెంచా పక్కన పెట్టి, నిండు చెంబుతో నీళ్లు వాడి నోటికి అందించింది. వద్దన్నవాళ్లు లేరు. నేను అప్పటిదాకా ఏమో అనుకున్నాను, పెద్దవాళ్లు ఇంత చేస్తున్నారంటే వాడు బతుకుతాడేమో అనుకున్నాను. ఆ చెంబు చూశాకే నాకు అర్థమైంది, ఇక వాడిని కాపాడుకునే ఆశ ఎవరికీ లేదని. వాడు కడుపునిండా తాగి, "ఈ ఐతారం నల్లా బంద్ గాలే" అన్నాడు. మళ్లీ తన పుట్టినరోజు ఎప్పుడని అడిగాడు. "మళ్ల ఐతారమే నాన్నా" అంది అక్క.

శనివారం మధ్యాహ్నం వాడు పోయాడు. పట్టా మళ్లీ మోగింది, ఈసారి మెల్లగా.

మర్నాడు అసలైన ఐతారం. బాపు రాలేదు, అమ్మ రాలేదు. నన్ను అక్క చెయ్యి పట్టుకుని క్లాసుకు తీసుకుపోయింది. అందరం కూర్చున్నాక ఆ ముక్కు కారే పిల్ల లేచి, "అక్కా, ఇయ్యాల నిజం ఐతారమేనా? లేకుంటే మనం చేసినమా?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. ఏ ప్రశ్నకూ నోరు ముయ్యమనని మా అక్క ఆ రోజు కూడా ఆ మాట అనలేదు. జవాబు మాత్రం రాలేదు. ఆ పిల్లను ఒళ్లోకి లాక్కుని, దాని ముక్కు తన కొంగుతో తుడిచింది. ఆ తర్వాత ఆమె క్లాసు చెప్పింది, ట్యూషనూ చెప్పింది. మేమే అడగడం మానేశాం.

ఆ గురువారం నేర్పిన పాఠం నన్ను ఓదార్చే పాఠమేమీ కాదు. అంతమంది పెద్దలు, అంత ప్రేమ, వాడికి ఒక పూట తెచ్చివ్వగలిగారు, అంతే. ఇంకో ఐతారం వాళ్ల వల్ల కాలేదు. నా జీవితంలో నేను పోగొట్టుకున్నవాళ్ల దగ్గర కూడా నా వల్ల అయింది అంతే. కడుపునిండా నీళ్లు తాగించడం, ఏ దినమని అడిగితే వాళ్లకు కావలసిన దినం చెప్పడం.

నాకు ఇప్పుడు చక్కెర జబ్బు. తీపి ముట్టొద్దంటారు. అయినా గురువారం పొద్దున్న చిన్న బెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకుని, మీద నిండు చెంబు నీళ్లు తాగుతాను. కోడలు చూసి, "ఇయ్యాల ఏం పండుగ అత్తమ్మా?" అని కోప్పడుతుంది. ఐతారం గదా అంటాను. ముసల్దానికి దినాలు మరుపొస్తున్నాయని వాళ్లు లోపల మాట్లాడుకోవడం నాకు వినపడుతూనే ఉంటుంది.