దోమలు లేని బస

మా ఇంట్లో ఎవరు ఎక్కడికి బయలుదేరినా అమ్మ కొంగు చివర గుప్పెడు బియ్యం ముడి వేసుకునేది. దేవుడి కోసం కాదు, నీళ్ల కోసం. కొత్త చోటికి పోగానే అక్కడి నీళ్లలో ఆ బియ్యం ఉడికించి చూసేది. అన్నం తెల్లగా వస్తే కూర్చునేది. పసుపు తిరిగితే చెప్పులు వేసుకునేది. మా పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లలో ఫ్యాక్టరీలు వచ్చి బావుల నీళ్లు రంగు మారిన కాలంలో ఆడవాళ్లు తమకు తామే నేర్చుకున్న విద్య ఇది. నేను ఏడో తరగతితోనే బడికి దండం పెట్టాను కనుక, సైన్సు అంటే నాకు తెలిసింది ఇదొక్కటే.

నా పెళ్లి కూడా ఈ పరీక్ష పాసయ్యాకే కుదిరింది. పిల్లది నారాయణఖేడ్ అవతల ఒక మెట్ట ఊరు. చూపులకు పోయిన అమ్మ, పిల్ల ముఖం కంటే ముందు వాళ్ల పొయ్యి ముఖం చూసింది. అన్నం మల్లెపూవులా ఉడికింది. "ఇగ ఖాయం చేసుకోండ్రి" అంది. పిల్ల తల్లి ఇదేం ఆచారమో తెలియక అలాగే నిలబడి చూసింది. తాను కూడా మా ఇంటికొచ్చి ఒక గుప్పెడు వండి చూసుకోవాలని ఆమెకు ఎవరు చెప్పాలి? నేను చెప్పలేదు. నాకు పిల్ల నచ్చింది.

కాపురానికి వచ్చిన నాటి నుంచి నా భార్య కొంగు ముక్కు దగ్గరే ఉండేది. "గిదేం వాసన?" అని అడిగేది. "ఏం వాసన?" అని నేను చంకలు వాసన చూసుకునేవాడిని. ఆమె నవ్వేది. కొత్తలో నవ్వింది. తర్వాత అడగడం మానేసింది, కొంగు మాత్రం దించలేదు.

నెల తప్పాక తిండి పూర్తిగా పోయింది. తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేది. వేవిళ్లన్నారు. ఇద్దరు పిల్లల్ని కన్న మా వదిన, "నాకు మూడో నెలకే పోయినయ్, చెల్లెకు జెర నాజూకు ఎక్కువ" అంది. అమ్మ ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మకు మొక్కుకుంది. ఐదో నెలలో కూడా ఆగకపోయేసరికి సంగారెడ్డి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె నా భార్య పొట్ట మీద చేయి వేసి, చాలాసేపు తీయలేదు.

"లోపల బిడ్డ పెరుగుతలేదు. వచ్చేసారికి కూడా గిట్లనే ఉంటే నేనేం చెప్పలేను. ముందుగాల తినాలె. కొన్ని దినాలు చోటు మార్చి చూడుండ్రి" అంది.

దారి పొడవునా నాకు ఒక్క వేళాకోళం కూడా తోచలేదు. ఆటోలో నా భార్యే నా వైపు చూసి, "ఏంది, నీ నోరు పడిపోయిందా?" అంది.

చోటు మార్చాలంటే పుట్టింటికి పంపొచ్చు. కానీ ఏడో నెల రాకుండా పంపితే, కోడల్ని సాకలేక తోలేశారని ఊరు అంటుందని అమ్మ భయం. అప్పుడు మా అన్నకు ఉపాయం తట్టింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో హైవేకు లోపలగా ఒక నీళ్ల పార్కు తెరిచారు. గోడల మీద దాని బొమ్మలు చూసి పిల్లలు ఇంట్లో అన్నం మాని ఏడుస్తున్నారు. "అందరం పోయి రొండు దినాలు ఉందం. పిల్లలు ఆడుకుంటరు, మరదలు ఇంత తింటది" అన్నాడు. మా చిన్నాయన పిల్లల్ని కూడా కలుపుకుంటే పద్నాలుగు మందిమి. నాకు ఒకటే లెక్క: ఆమె కడుపులో ఒక పూట అన్నం నిలవాలి.

బస చూడడానికి అన్న, నేను, అమ్మ బయలుదేరాం. అమ్మ అన్న స్కూటరు వెనక, నేను లూనా మీద.

మొదట పార్కు వాళ్ల సొంత కాటేజీలకే పోయాం. టై కట్టుకున్న పిల్లవాడొకడు ఒక గదికి ఇద్దరు పెద్దలు, ఒక పిల్ల అన్నాడు. "మా వదినె ఒక్కతే ఇద్దరు పెద్దలు" అన్నాను. అన్న నా కాలు తొక్కాడు. పిల్లవాడు ధర చెప్పగానే అన్న తన వాచీ చూసుకున్నాడు, అదేదో టైము అడిగినట్టు. అమ్మకు ధరతో పనే లేదు. "ఇంటోళ్లమంత తలా ఒక అర్రల పండాల్నా? వేరు పడ్డోళ్ల లెక్క? మరి పొయ్యి యాడ పెట్టాలె?" అని అడిగింది. వంట కుదరదన్నాడతను. "పొయ్యి లేనిదాన్ని ఇల్లంటరా బిడ్డా?" అని జాలిగా అతని భుజం తట్టి లేచింది.

రెండోది హైవే మీద దాబా పైన లాడ్జి. గదులకు కిటికీలు లేవు. అమ్మ దాబా పొయ్యి మీదే పరీక్ష పెట్టింది. అన్నం పసుపు తిరిగింది. "ఉట్టి నీళ్లతోనే పులిహోర చేసిన మొదటి వంటవాడివి నువ్వే అన్నా" అన్నాను వంటవాడితో. వాడు గరిటె ఎత్తాడు. వచ్చేశాం.

మూడోదానికి పెద్ద బోర్డు ఉంది: ఫ్యామిలీ రిసార్టు, వంట వసతి కలదు. పార్కు వెనక గోడ పక్కన, నీలగిరి చెట్ల అవతల, పొడుగాటి రేకుల షెడ్డు. ఒకప్పుడు కోళ్ల ఫారం అయి ఉండాలి. సున్నం కొట్టి, చాపలు పరిచి, ఫ్యాన్లు బిగించారు. అందరం ఒకేచోట పడుకోవచ్చు. బయట వంటకు అరుగు. మోకాలెత్తు పచ్చగడ్డి. ధర విని అన్న ఈసారి వాచీ చూసుకోలేదు. ట్యాంకరు నీళ్లు. అన్నం తెల్లగా వచ్చింది. అమ్మ చెప్పులు వదిలి అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"చూసిన్రా, ఆనకాలం, పక్కన గింత గడ్డి, ఒక్క దోమ లేదు" అంది.

"మా దగ్గర దోమలుండయ్ పెద్దమ్మా. చీమ గూడ ఉండది" అన్నాడు కాపలా ముసలాయన. ముక్కు, మూతి కప్పేలా తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. ఆకాశం మబ్బు పట్టి ఉంది, ఎండ అనుకోవడానికి లేదు.

"ఇంత తక్కువకిస్తున్నవు, దయ్యాలేమన్న ఉన్నయా తాతా?" అన్నాను.

"ఉంటే నాకు తోడన్న ఉండు" అన్నాడు. నవ్వలేదు. "పొద్దుమూకితే కిటికీలు బంద్ పెట్టుకోండ్రి."

"దోమలు లేవంటివి గద?"

"గాలికి" అని చీపురు తీసుకుని అవతలికి పోయాడు.

మా అన్న గుండెల నిండా గాలి పీల్చి, రెండు చేతులూ చాచాడు. "అచ్చం మన ఇంటి లెక్కనే ఉన్నది ర తమ్మీ" అన్నాడు. నాకూ అలాగే ఉంది. పరాయిచోట ఉన్నట్టే లేదు. సరే అన్నాం.

ఆ శనివారం కిరాయి డీసీఎం వ్యానులో గిన్నెలు, స్టవ్వు, రెండు కోళ్లు, పిల్లలు, అందరం కలిసి బయలుదేరాం. నా భార్య వెనక తలుపు దగ్గర గాలికి కూర్చుంది. హైవే మీద కొంత దూరం పోయాక ఆమె కొంగు దిగింది. నేను చూశాను, మాట్లాడలేదు, దిష్టి తగులుతుందని. ఇంకాస్త పోయాక, "ఆకలైతున్నది" అంది.

బండిలో ఈలలు వేశారు. "బండి ఆపుర, మా కోడలికి ఆకలైతున్నదట!" అని అమ్మ డ్రైవరు వెనక రేకును దబదబా బాదింది. రోడ్డు పక్కన జామకాయలు కొన్నాను. ఆమె ఒకటి కొరికి నమిలి మింగింది. ఇంకో కొరుకు కొరికింది. అది కడుపులో నిలిచింది. అందరూ జాతరలో కోతిని చూసినట్టు ఆమె నోటినే చూస్తున్నారు.

బండి హైవే దిగి పార్కు దారిలోకి మళ్లింది. ఆమె నమలడం ఆపింది. మిగిలిన జామకాయ నా చేతిలో పెట్టి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

పిల్లల్ని తీసుకుని అన్న పార్కులోకి పోయాడు. గోడ అవతలి నుంచి వాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. అమ్మ కోడికూర వండింది. వదిన ముక్క నోట్లో వేసుకుని, "మన ఇంటి కాడి రుచే!" అంది. నా భార్య రెండు ముద్దలు తిని గడ్డిలోకి పరుగెత్తింది. నేను వెనకాలే పోయి వీపు నిమిరాను. ఆమె లేచి మూతి తుడుచుకుని, నన్ను పరాయివాణ్ని చూసినట్టు చూసింది.

"గిది మీ ఇంటి వాసనే" అంది.

"మా ఇంటి వాసన గింత దూరం ఎట్లొస్తది? బస్సెక్కిందా?"

ఆమె నా చేయి పట్టుకుని షెడ్డు వెనక్కి తీసుకుపోయింది. నీలగిరి చెట్లు దాటాక గట్టు. గట్టు కింద వాగు. కాచి వదిలేసిన చాయ్ రంగు నీళ్లు, అంచుల్లో తెల్లటి నురగ. అది మా ఊరి పక్కన పారే వాగే. ఫ్యాక్టరీలన్నీ దాటుకుని, వంపులు తిరిగి, మాకంటే ముందే వచ్చి ఇక్కడ కూర్చుంది. వానాకాలపు వాగు ఒడ్డున ఒక్క కప్ప అరవడం లేదు. అంతసేపూ ఆ నిశ్శబ్దాన్ని నేను హాయి అనుకున్నాను.

"నీకు నిజంగ వస్తలేదా?" అంది.

ముక్కు ఎగబీల్చాను. మళ్లీ పీల్చాను. తడి మన్ను వాసన తప్ప ఏమీ లేదు. ఆ మాటే చెప్పాను. ఆమె నా చేయి వదిలేసింది.

పొద్దు వాలుతుండగా కొంగులోంచి బెల్లం ముక్క ఒకటి తీసి షెడ్డు గోడ మొదట్లో పెట్టింది. "మీ అమ్మ నీళ్లకు బియ్యం వండి చూస్తది. నేను గిది పెట్టిన" అంది.

తెల్లారి ఆ ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. కాస్త చెమ్మగిల్లింది. దాని మీద ఒక్క చీమ లేదు, చుట్టుపక్కల చీమల దారి లేదు. కాపలా ముసలాయన ఊడుస్తూ వచ్చి, బెల్లాన్ని చూసి, దాన్ని మాత్రం వదిలి చుట్టూ ఊడ్చుకుపోయాడు.

నేను అమ్మకు చెప్పాను. అమ్మకు కోపం వచ్చింది.

"గీ గాలే పీల్సుకుంట మిమ్ముల కన్న, సాదిన. నేనేమన్న సచ్చిన్నా?"

"నువ్వు సావలేదు గని, దానికి పడ్తలేదే అమ్మా."

"ఇంకో పూట ఉంటే అలవాటైతది తియ్" అన్నాడు అన్న. పిల్లలు అప్పటికే తడి చెడ్డీలతో గేటు దగ్గర నిలబడ్డారు.

నేను సంచి తీసుకున్నాను. అమ్మ అడ్డం రాలేదు కానీ, నా భార్య వైపు చూడకుండా, "ఊరికి ఏమని చెప్పాలె?" అంది. "నీ కొడుకు పెండ్లాం కొంగు పట్టుకుని పోయిండని చెప్పు, అందరు నమ్ముతరు" అన్నాను. వదిన ఒక్కతే నవ్వింది.

సంగారెడ్డిలో బస్సు మారాం. జోగిపేట దాటాక నా భార్య కొంగు దించి కిటికీ రేకు పైకి లేపింది. పొట్లం పల్లీలు మొత్తం తినేసి, నా పొట్లం కూడా లాక్కుంది. వాళ్ల ఊళ్లో దిగగానే జొన్నరొట్టె, పచ్చిపులుసు అడిగింది. ఆ రోజు తిన్నది మళ్లీ బయటికి రాలేదు. అత్త నా కంచంలో కూడా రొట్టె వేసి, "నువ్వేం వాసనొస్తున్నవు బిడ్డా, మందుల డబ్బ లెక్క?" అంది.

అక్కడే కాన్పు అయింది. ఆడపిల్ల. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. డాక్టరమ్మకు చూపించాలనిపించేంత బరువు.

నా పని ఇక్కడి ఫ్యాక్టరీలో, ప్యాకింగులో. ఆ మెట్టలో నాకేం పని దొరుకుతుంది? బిడ్డకు ఐదో నెల రాగానే తల్లీబిడ్డల్ని తీసుకుని బస్సెక్కాను. వస్తున్నంతసేపూ నిద్రపోయిన బిడ్డ పటాన్‌చెరు దగ్గర లేచి ఏడుపు అందుకుంది. ఇల్లు చేరినా ఆపలేదు. అమ్మ దిష్టి తీసింది, వదిన కడుపుకు ఆముదం రాసింది, తాయెత్తు కట్టించారు. పాలు తాగుతూ మధ్యలో వదిలి ముఖం అటూ ఇటూ తిప్పి ఏడ్చేది. నేను కోతిలా, కుక్కలా, మా సూపర్‌వైజరులా అరిచి ఆడించినా నవ్వలేదు. నా భార్య మాత్రం బిడ్డ ముక్కు మీద తన కొంగు కప్పేది.

అలా వారాలు గడిచాక ఒకనాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇల్లు ప్రశాంతంగా ఉంది. బిడ్డ చాప మీద పడుకుని, కాళ్లు కొట్టుకుంటూ ఫ్యాను వైపు చూసి నవ్వుతోంది. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా ఏడవలేదట.

"అలవాటైంది నా తల్లికి!" అని అమ్మ మురిసిపోయి వాడకట్టంతా బెల్లం పంచింది. నాకు పెట్టింది, తిన్నాను. నా భార్యకు పెట్టింది. ఆమె ఆ ముక్కను అరచేతిలో పట్టుకుని వాకిట్లోకి పోయి గోడ మొదట్లో పెట్టి వచ్చింది.

తెల్లారి డ్యూటీకి పోతూ చూశాను. అక్కడే ఉంది.