ఉగాది అక్కడికి రాలేదు

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా ఇంటిల్లిపాదీ వసంతం కోసం ఎదురు చూశాం. సింగపూర్‌లో పుట్టి పెరిగిన మనిషి ఈ మాట అంటే ఎవరైనా నవ్వుతారు. ఇక్కడ ఉన్నవి రెండే కాలాలు, వాన పడే కాలం, వాన పడబోయే కాలం. చలి అంటే మాకు తెలిసిందల్లా సినిమా హాలు ఏసీ. అయినా ఆ ఏడాది మా బూన్ లే ఫ్లాట్‌లో, ఫ్యాను కింద చెమటలు కక్కుతూ, ఎక్కడో కెనడాలో మంచు కరగాలని దేవుడికి దణ్ణాలు పెట్టుకున్నాం.

మా నాన్న సరుకుల ఓడలో, ఇంజన్ గదిలో పనిచేసేవాడు. ఆ ఏడాది వాళ్ళ ఓడ గోధుమలు ఎత్తుకోవడానికి కెనడాలోని పెద్ద సరస్సుల్లోకి వెళ్ళింది. తిరిగి బయటపడేలోపే చలి ముంచుకొచ్చి నీళ్ళు గడ్డకట్టాయట. ఓడ అక్కడే ఒక రేవులో చిక్కుకుపోయింది. ఫోను ఉన్న ఇల్లు కాదు మాది. జురాంగ్ చేపల రేవులో పనిచేసే మా మావయ్యకి, అంటే మా అమ్మ తమ్ముడికి, ఓడ ఏజెంటు ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి చెబితే ఆయన వచ్చి మాకు చెప్పేవాడు. వసంతం రాగానే మంచు కరుగుతుంది, ఓడ కదులుతుంది, నాన్న వస్తాడు అన్నాడు.

మా నానమ్మకి ఆ మాట చాలు. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి ఈ దేశం వచ్చిన మనిషి. ఎన్నేళ్ళున్నా ఆవిడ లెక్కలన్నీ పంచాంగం లెక్కలే. వసంతం ఉగాదితో మొదలవుతుందని లోకానికంతటికీ తెలుసు కాబట్టి కొడుకు ఉగాదికి వచ్చేస్తాడని తేల్చేసింది. అమ్మ కాదనలేదు. నేను మా బడిలో అందరికీ చెప్పేశాను. చైనా పిల్లలు, మలాయ్ పిల్లలు కూడా ఉగాది ఎప్పుడని నన్ను అడగడం మొదలుపెట్టారు.

అయితే ఇంట్లో ఏదో తేడాగా ఉండేది. మావయ్య వచ్చినప్పుడల్లా అమ్మ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పేది. ఆ నీళ్ళ చప్పుడులో ఇద్దరూ గుసగుసలాడేవారు. బకెట్టు నిండి పొర్లిపోయినా కట్టేవారు కాదు. "నీళ్ళు ఊరికినే పోతన్నాయే" అని హాల్లోంచి నానమ్మ కేకేసేది. నేను వెళితే మాట ఆగిపోయేది. అమ్మ నా తల నిమిరి "మాకాన్ అయిందా, తిన్నావా?" అని మలాయ్ మాట కలిపి అడిగేది, అప్పుడే తన చేత్తో నాకు అన్నం పెట్టిన సంగతి మరిచిపోయి. పెద్దవాళ్ళకి ఒక పిచ్చి నమ్మకం ఉంటుంది, తాము చెప్పకపోతే పిల్లలకి తెలియదని. పిల్లలకి సంగతి తెలియకపోవచ్చు గాని, సంగతి ఒకటుందని తెలుస్తుంది. అది ఇంకా చేటు.

ఉగాది వచ్చింది. నానమ్మ దాచిన ఎండు వేపపువ్వు తీసి పచ్చడి చేసింది. నాన్న వాటా ఒక గిన్నెలో పోసి మూతపెట్టింది. నేను గౌను మార్చుకుని వరండాలో నిలబడ్డాను. నిలబడే ఉన్నాను. సాయంత్రానికి ఆ గిన్నెకి చీమలు పట్టాయి. "దారిలో ఉంటాడు" అంది నానమ్మ. "వచ్చే వారం" అంది అమ్మ. మావయ్య నా ముఖంలోకి చూడకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

నాన్న చచ్చిపోయాడేమోనన్న అనుమానం నాకు ఆ రోజే పుట్టింది. ఎవర్నీ అడగలేను. అడిగితే నిజమైపోతుందని భయం. కానీ తెలుసుకునే దారి ఒకటి నా దగ్గర ఉంది. మా నానమ్మ నుదురు బోసిగా ఉండేది. తాతయ్య పోయిన రోజున బొట్టు తీసేశారని ఆవిడే చెప్పింది. అంచేత అమ్మ నుదుట కుంకుమ ఉన్నంతకాలం నాన్న ఉన్నట్టే. ఆ మర్నాటి నుంచి కళ్ళు తెరవగానే నేను చేసే మొదటి పని అమ్మ నుదురు చూడడం. పొద్దున ఒకసారి, పని నుంచి వచ్చాక ఒకసారి. బొట్టు కనిపిస్తే అన్నం సహించేది. ఇన్నేళ్ళ తర్వాత రాస్తుంటే కూడా ఆ పిల్ల మీద నాకు జాలేస్తోంది. అంత చిన్న వయసులో అంత పెద్ద కాపలా ఎవరూ కాయకూడదు.

అమ్మ రేడియో భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసేది. పౌడరు గాని కుంకుమ గాని రాలితే భాగాలు పాడవుతాయని లోపలికి వెళ్ళేముందు ముఖం శుభ్రంగా కడుక్కోవాలి. అక్కడ అదే పద్ధతి. అమ్మ కుంకుమ భరిణె క్యారేజీ సంచిలో పెట్టుకుని, పని అయ్యాక బొట్టు దిద్దుకుని బస్సెక్కేది. అది నాకు తెలియదు. ఒక సాయంత్రం బస్సు కదిలిపోతోందని పరిగెత్తి ఎక్కిందట. భరిణె సంచిలోనే ఉండిపోయింది. వానలో తడిసి, అలసిపోయి, మెట్లెక్కి వరండాలోకి వచ్చిన మా అమ్మ నుదుట ఏమీ లేదు.

అమ్మ పక్కనుంచి దూరి మెట్లు దిగి పరిగెత్తాను. వెనక అమ్మ పిలుస్తూనే ఉంది. ఎక్కడికి పోవాలో తెలియక, మావయ్య రోజూ దిగే బస్‌స్టాపుకి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. ఆయన బస్సు దిగి నన్ను చూసి, "ఏటే గుంటా, ఇక్కడున్నావేటి?" అన్నాడు. "నాన్న చచ్చిపోయాడు. అమ్మ బొట్టు తీసేసింది" అన్నాను. మావయ్య ఆ తడి బల్ల మీద నా పక్కన కూలబడ్డాడు. చేతిలో గొడుగు ఉంది గాని తెరవలేదు. "లేదమ్మా, బతికే ఉన్నాడు" అన్నాడు. నేను నమ్మలేదు. అప్పటికి అందరూ చెప్పినవి అన్నీ విన్నాను కదా.

నన్ను ఎత్తుకుని వెనక్కి తెచ్చాడు. అమ్మ మా అంతస్తుకీ కింది అంతస్తుకీ మధ్య మెట్ల మీద కనిపించింది. సంగతి వినగానే ఆవిడ చెయ్యి నుదుటి మీదికి పోయింది. సంచిలోంచి భరిణె తీసి అక్కడే, అద్దం లేకుండా, వేలితో బొట్టు పెట్టుకుంది. అది పక్కకి పోయింది. ఫ్యాక్టరీ సంగతి చెప్పి నన్ను ఒళ్ళో వేసుకుని ఏడ్చింది. "ఇంక సెప్పీ అక్కా" అన్నాడు మావయ్య. అమ్మ లేచి నన్ను ఇంట్లోకి తీసుకెళ్ళింది.

మర్నాడు ఆదివారం. మావయ్య నన్ను తనతో చేపల రేవుకి తీసుకెళ్ళాడు. చేపలు నిలవచేసే చలిగది తలుపు దగ్గర, అక్కడి పనివాళ్ళు వంతులవారీగా వేసుకునే మందపాటి కోటు ఒకటి వేలాడుతుండేది. అది నాకు తొడిగితే నేల మీద ఈడ్చుకుంటూ నడిచాను. లోపలికి అడుగుపెట్టగానే ముక్కులో సూదులు గుచ్చినట్టయింది. నా నోట్లోంచి పొగ వచ్చింది. మావయ్య ఒక చేపను తీసి ఇనప రాటకి కొడితే కట్టెలా టంగుమంది. "మీ నాన్న ఉన్న కాడ సముద్రమంత సెరువు ఇలాగైపోయింది" అన్నాడు.

ఉగాది వచ్చేసింది కదా, మరి ఎందుకు కరగలేదని అడిగాను. "ఉగాది మనకొచ్చింది. అక్కడికి రాలేదు" అన్నాడు. అని, తలుపు పక్కన ఉన్న పెట్టె మీద నన్ను కూర్చోబెట్టి, కుళాయి చప్పుడు లేకుండా అన్నీ చెప్పాడు. నాన్న ఓడ మెట్ల మీద మంచుకి జారి పడ్డాడు. కాలు విరిగింది. విరిగినచోట చీము పట్టి లోపలికి పాకింది. ఆ ఊరి ఆస్పత్రిలో ఉన్నాడు.

"ఎప్పుడొస్తాడు?" అన్నాను.

"తెలీదు."

"కాలు?"

"ఉంచుతారో తీసేస్తారో డాక్టరుకే తెలీదంట."

"తీసేస్తే నొప్పెడుతుందా?"

"పెడతాది" అన్నాడు మావయ్య.

నాకు ఏడుపొచ్చింది. చెంపల మీద కన్నీళ్ళు చల్లగా తగిలాయి. కానీ ఇన్ని నెలల్లో మొదటిసారి నా కాళ్ళ కింద నేల ఉన్నట్టనిపించింది. పెద్దమనిషి ఒకడు నన్ను కూర్చోబెట్టి తెలీదు అని చెప్పడం అదే మొదలు. అంతా బాగానే ఉందన్న మాట ఇంతకాలం నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ రాత్రి నేను ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. అంతకుముందు, చలిగదిలోంచి బయటికొచ్చాక, మావయ్య నా కోటు విప్పుతూ ఒక మాట అన్నాడు. "మీ నానమ్మకి సెప్పకు. ఆవిడ గుండె తట్టుకోలేదు." నేను తలూపాను. నాకు నిజం పంచిన మనిషే చెప్పాడు కాబట్టి అది సరైనదే అనుకున్నాను.

ఆ తర్వాత మెట్లే మా కబుర్ల చోటు. ఏ వార్త వచ్చినా అమ్మ నన్ను అక్కడికి తీసుకెళ్ళి చెప్పేది. కాలు మోకాలి కిందనుంచి తీసేశారని కూడా అక్కడే చెప్పింది. ఇద్దరం అక్కడే ఏడ్చి, ముఖాలు తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళాం. లోపల నానమ్మ హుషారుగా ఉంది. కొడుకు ఓడ బయల్దేరబోతోందన్న మంచి వార్తే ఆవిడకి చెప్పారు. అన్నాళ్ళు మంచులో ఉన్నవాడి పాదాలు పగిలిపోయి ఉంటాయని, మెత్తటి తోలు చెప్పులు కొనమని అమ్మని పోరింది. అమ్మ వెళ్ళి జత కొనుక్కొచ్చింది. నానమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, సరిగ్గా సరిపోతాయని మురిసిపోయింది. అమ్మ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది.

చివరికి ఆ దేశానికీ వసంతం వచ్చింది. ఓడ కదిలింది. నాన్న అందులోనే వచ్చాడు. మా ఇంటికి లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగేది కాదు. పై అంతస్తులో దిగి మెట్ల మీద కిందికి రావాలి. మావయ్య ఆయన్ని పట్టుకుని దింపుతున్నాడు. చేతికర్రలు ఒక్కో మెట్టు మీదా టకటకమంటున్నాయి. గుమ్మంలో నానమ్మ దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆ చప్పుడేమిటని అడుగుతూనే ఉంది.

నాన్న గుమ్మం ముందుకి వచ్చాడు. ప్యాంటు ఒక కాలు మడిచి పిన్నుతో గుచ్చి ఉంది. నానమ్మ అటు చూసింది. పళ్ళెం జారనివ్వలేదు. మూడుసార్లు తిప్పింది, పక్కన పెట్టింది. అప్పుడు చుట్టూ చూసింది. కొడుకు వైపు కాదు, కోడలి వైపు కాదు. నాన్న రాగానే కూర్చోవడానికి గుమ్మం పక్కన నేను ముందే స్టూలు తెచ్చి వేసి ఉంచాను. నానమ్మ ఆ స్టూలు చూసింది, నన్ను చూసింది. "నీక్కూడా తెలుసేటమ్మా?" అంది. కోపంగా కాదు. ఇంటికి కొత్తగా వచ్చిన మనిషి దారి అడిగినట్టు అడిగింది. నేను తలూపాను.

ఆవిడ గుండె ఆగలేదు. అందరూ భయపడినట్టు ఏమీ కాలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళు బతికింది, కొడుక్కి తానే నూనె రాసేది. కానీ కొన్నాళ్ళ పాటు మా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, జరిగిందంతా మొదట్నుంచి చెప్పమంది. మెట్ల మీద విన్నవన్నీ, చలిగదిలో విన్నవన్నీ వరసగా చెప్పాను. అంతా విన్నాక అంది, "నాను అన్నాళ్ళూ రెండు కాళ్ళ కొడుకు కోసం ఎదురు సూసాను. ఆడు రానేలేదు. వచ్చినోడి కోసం నన్నెవరూ ఎదురు సూడనివ్వలేదు."

ఇప్పుడు నేనే మా ఇంట్లో పెద్దదాన్ని. పాసిర్ రిస్‌లో కొడుకూ కోడలి దగ్గర ఉంటున్నాను. వాడు జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు పని చేస్తాడు. ఒంట్లో బాగుండకపోయినా, పనిలో దెబ్బ తగిలినా, ఏ కబురైనా మా ఇంట్లో ముందు నాకే చెప్పాలి. అది నేను పెట్టిన నియమం. "గ్రాండ్మాకి ఫస్ట్ చెప్పాలి లా" అని సింగపూర్ యాసలో అంటూ మనవలు నవ్వుతారు. నవ్వనీ. నాకు బీపీ ఉంది, సుగరు ఉంది, గుండెకి మాత్రలు వేసుకుంటాను. అయినా దాచొద్దు. నేను ఎదురు చూసే మనిషి, గుమ్మంలోకి వచ్చే మనిషి, ఇద్దరూ ఒకరే కావాలి.