నేను పోసిన ఉప్పు

సుబేదారిల ఒక పెద్దింటి వెనుక స్విమ్మింగ్ పూల్ ఉన్నది. ఆ నీళ్లను చూసుకునే పని మా ఆయనది. ఆయన పోయినంక మేడం ఆ పని నాకే ఇచ్చింది. మేముండే రూము గూడ ఖాళీ చెయ్యమనలె.

నీళ్లు పాడుగాకుంట క్లోరిన్ పొడి బకెట్ల కలిపి పోసేది. ఆ ఘాటుకు నాకు దమ్ము లేసేది. మొన్న ఎండకాలం మేడం నా దగ్గు చూడలేక కొత్త మిషన్ తెప్పించింది. "ఇగ పొడి ఫికర్ లేదు. నీళ్లల్ల ఉప్పు పోస్తె చాలు, మిషనే ఆ ఉప్పుల నుంచి క్లోరిన్ తీస్తది" అన్నది. నా కోసమే చేసింది. కాదని ఎట్లంట?

హైదరాబాద్ నుంచి మెకానిక్ వచ్చిండు. మోటరు కాడ పైపు కోసి, ఫిల్టరు అవుతల ఒక గొట్టం బిగించిండు. గోడకు డబ్బ కొట్టి వైరు కలిపిండు. నేను ఆ డబ్బ చుట్టు తిరిగి చూసిన.

"తమ్మీ, ఉప్పు పోసే మూత ఏడున్నది?"

పకపక నవ్విండు. "మిషన్ల కాదక్కా, పూల్లనే పోసుడు. గీ సంచులన్ని. పప్పుల ఏసినట్టు చిటికెడు అనుకున్నవా?"

ఒక సంచి విప్పిండు. తెల్లటి దొడ్డుప్పు. నేను రెండడుగులు ఎనుకకేసిన.

మా కులపోళ్లల్ల కాలవెట్టరు, బొంద పెడుతరు. ఆయనను తీస్కపోయిన నాడు నా మరిది భుజం మీద అసుంటి ఉప్పు సంచే ఉండె, బొందల మనిషి మీద పొయ్యనీకి. ఆడోళ్లు దింపుడుకల్లం దాటి పోవద్దు. ఆడ పాడె దించి ఆయన చెవుల పేరు వెట్టి పిలిచిన్రు, మళ్ల ఎత్తుకోని పోయిన్రు. నన్ను ఆన్నే పట్టుకున్నరు. ఆ ఉప్పు మెల్లగ పోసిన్రా, ఒక్కపారే గుమ్మరిచ్చిన్రా, కండ్లల్ల పడ్డదా, నాకు తెల్వదు. మరిదిని అడగనీకి నోరు రాలె.

"ఏమైందే, గట్ల ఎనుకకు జరుగుతున్నవు?" మేడం దగ్గరికొచ్చింది. "నీతోని కాకపోతె చెప్పు, వేరే మనిషిని పెడుత."

కోపంతోటి అనలె. కని పని పోతె రూము పోతది. ఇగ నర్సంపేట కాడ మరిది ఇంట్ల ఓ మూలకు కూసునుడేనాయె.

"అయితది మేడం" అన్న.

మెకానిక్ సంచి ఎత్తి గుమ్మరియ్యబోయిండు. గబుక్కున చెయ్యి పట్టిన. "అట్ల కాదు తమ్మీ, జర మెల్లగ."

"నీళ్లకు దెబ్బ తాకుతదా అక్కా?"

"నాకియ్యి."

అంచుకు కూసోని దోసిట్ల తీసి పోసిన. లోతు తక్కువున్న దిక్కు ఆయన కాళ్లు అనుకున్న. ఆన్నుంచి జరుక్కుంట జరుక్కుంట పెయ్యంత పోసిన. క్లోరిన్ తిన్న చేతులు, పగుళ్లల్ల ఉప్పు పడి మండినయి. మెకానిక్ ఎండకు ఆగలేక నీడకు పోయిండు. లోతు దిక్కుకు వచ్చేసరికి ఆగిపోయిన. అది తల దిక్కు.

"ఆడ గూడ పొయ్యాలె అక్కా" అని నీడలకెళ్లి అరిచిండు. "ఒక్కదిక్కే పోస్తె అడుగున కుప్ప వడ్తది."

కండ్లు మూసుకోని పోసిన. తర్వాత బ్రష్ కట్టెతోని అడుగంత కలిపిన. తెల్లారి చూస్తె ఒక్క పలుకు లేదు, అంత కరిగింది. అప్పుడు మెకానిక్ మళ్లొచ్చి మిషన్ నడిపిండు. డబ్బ మీద పచ్చ లైటు వెలిగింది, మేడం సంబురపడ్డది.

ఒక్కసారితోని అయిపోతది, గుండె రాయి చేసుకుంటె చాలనుకున్న. కని వానలకు పూల్ నిండి పొర్లితె ఉప్పు పల్చవడ్తదట. అప్పుడు డబ్బ మీద ఎర్ర లైటు వెలుగుతది. నేను మళ్ల సంచి విప్పాలె. పని నిలవడ్డది, దగ్గు తగ్గింది, గదొక్కటే నిమ్మళం.

నిన్న గూడ ఎర్ర లైటు వెలిగింది. ఈసారి ముందుగాల తల దిక్కే పోసిన. కండ్లు తెరుసుకోనే పోసిన.