కారుని పడుకోబెట్టిన సంబరం

నా కుడి మోకాలికి ఆపరేషన్ తప్పదని డాక్టరు తేల్చేసిన రోజున మా ఇంట్లో అందరూ నా గురించి కాక నా కారు గురించి బెంగపెట్టుకున్నారు. మోకాలి సంగతి డాక్టరు చూసుకుంటాడు, కారు సంగతి ఎవరు చూస్తారన్నది వాళ్ల బాధ. అమ్మేస్తే పీడా వదిలిపోతుందన్నారు మా ఆయన. ఆయనకి కారు నడపడం రాదు. స్కూటరు మీద రైతుబజారుకెళ్లి వంకాయలు తేవడమే ఆయన చేసే దూరప్రయాణం.

నేను బుచ్చయ్యపేట హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. బస్సులో నిలబడి నిలబడి విసుగెత్తి, జుట్టు నెరిసే వయసులో డ్రైవింగ్ నేర్చుకుని, ఒక పాత తెల్ల కారు కొనుక్కున్నాను. మా వీధిలో ఆడమనిషి కారు నడపడం అదే మొదలు. కొత్తలో నేను మలుపు తిరుగుతుంటే అరుగుల మీద కూర్చున్న మగవాళ్లు లేచి నిలబడేవారు. గౌరవంతో కాదు, కాళ్లు కాపాడుకోవడానికి. తర్వాత తర్వాత వాళ్లే ఆస్పత్రికనీ, మాడుగుల హల్వాకనీ, తుమ్మపాల పెళ్లికనీ నా బండి ఎక్కేవారు. ఎక్కినవాళ్లు దారి పొడుగునా నాకు డ్రైవింగ్ నేర్పేవారు. అయినా ఆ బండిలో కూర్చుంటే నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదనిపించేది. నెలనెలా జీతం తెచ్చినప్పుడు కూడా నాకు అలా అనిపించలేదు.

అందుకే డాక్టర్ని ఒక్కటే అడిగాను, మళ్లీ కారు తీయగలనా అని. బ్రేకూ యాక్సిలేటరూ రెండూ కుడికాలి మీదే కదా. ఆయన కంప్యూటర్లోంచి తలెత్తకుండా, మెట్లు కూడా ఎక్కుతారు, డ్రైవింగంటే మాత్రం చూద్దాం అన్నాడు. మా వైపు చూద్దాం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. చందా అడిగినవాడికీ, బదిలీ అడిగిన టీచరుకీ చెప్పే మాట అది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మోకాలి నొప్పికన్నా ఆ భయమే ఎక్కువైంది. కారు అమ్మేది లేదని, నేను వైజాగ్‌లో ఆపరేషన్ చేయించుకుని మా చెల్లెలింట్లో కోలుకుని వచ్చేదాకా జాగ్రత్తగా ఉంచాలని మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. నేను వచ్చి తీయాలి, అది కదలాలి, అంతే.

మాకు షెడ్డు లేదు. ఇంటి పక్కన వీధిలోకి తెరుచుకుని ఉన్న ఖాళీ జాగాలో ఎండకీ వానకీ బండి అలా ఉండాల్సిందే. ఇన్నాళ్లూ రోజూ కదిలే బండి కాబట్టి గడిచిపోయింది. నెలల తరబడి కదలకుండా ఉంచాలంటే ఏం చేయాలో తెలుసుకోవాలని మా ఆయన ఇద్దరు నిపుణుల్ని పిలిచారు. ఒకరు మా ఆడపడుచు భర్త, నాకు వరసకి అన్నయ్య, మా అనకాపల్లి బెల్లం మార్కెట్లో కొట్టున్న మనిషి. రెండోవారు పక్కింటాయన. ఈయనకి ఏ బండీ నడపడం రాదు కానీ ఫోనులో వీడియోలు చూస్తారు కాబట్టి అన్ని బండ్ల గురించీ చెప్పగలరు. నేను వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నాను. ముగ్గురూ నాకు వీపు పెట్టి నిలబడి నా కారు గురించి సభ జరిపారు.

పెట్రోలు ట్యాంకు నిండా కొట్టించాలని పక్కింటాయన, చుక్క లేకుండా పీకేయాలని అన్నయ్య. ఇద్దరూ పంతం పట్టడంతో మా ఆయన మధ్యేమార్గంగా సగం ఉంచారు. బ్యాటరీ వైరు ఊడదీయడం దగ్గర గొడవ రాలేదు, ఎందుకంటే ఏ వైరో ఎవరికీ తెలియలేదు. నేను కుర్చీలోంచి చెప్పాను. నల్లదే తీయాలట అని పక్కింటాయన నా మాటనే వాళ్లకి చెప్తే అప్పుడు తీశారు. ఎలకలు రాకుండా కలరా ఉండలూ, పొగాకు కాడలూ ఇంజనులో చల్లారు. పొగ గొట్టంలో పాత లుంగీ కుక్కారు. టైర్లు నేలకి ఆనుకుని పాడవుతాయని జాకీ ఎత్తి, కింద ఇటుకలు పేర్చి, నాలుగు చక్రాలూ గాల్లోకి లేపారు.

అంతా అయ్యాక అన్నయ్యకి గుర్తొచ్చింది, నిమ్మకాయలు పెట్టలేదని. కొత్త బండికి కదా నిమ్మకాయలు తొక్కిస్తారు అన్నాను. పడుకోబెట్టేటప్పుడు కూడా దిష్టి తీయాలన్నారు. తీరా నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెడదామంటే చక్రాలు గాల్లో ఉన్నాయి. మళ్లీ దించడం ఎవరి తరమూ కాదు. చివరికి అన్నయ్య ఒక్కో నిమ్మకాయనీ టైరుకి కింద నుంచి అదిమి పట్టుకుంటే, మా ఆయన రెండు చేతులతో చక్రం తిప్పారు. పక్కింటాయన దాన్ని వీడియో తీశారు. నిమ్మరసం అన్నయ్య మోచేతుల దాకా కారింది. బండికి దిష్టి పోయిందో లేదో గానీ అన్నయ్య చేతులకి మాత్రం బాగా పోయింది.

ఇక మిగిలింది కవరు. మెయిన్ రోడ్డులో సీటు కవర్లు కుట్టే భాయికి నేను ముందే చెప్పాను. గాలి ఆడే గుడ్డతో కుడతానని ఆయన కొలతలు కూడా తీసుకెళ్లాడు. అన్నయ్య ఆ మాట విని నవ్వారు.

"టార్పాలిన్ ఉండగా గుడ్డెందుకు బావా? కొట్లో దిమ్మల మీద కప్పేది, ఎన్ని వానలు సూసిందో. ఒక్క సుక్క దిగదు."

ఊరికే వచ్చే వస్తువు ముందు మా ఆయన బుద్ధి నిలవదు. భాయికి ఫోను చేసి వద్దనేశారు. సాయంత్రానికల్లా ఆటో మీద టార్పాలిన్ వచ్చింది. బెల్లం దిమ్మల మీద వర్షానికీ ఎండకీ కప్పి కప్పి, ఆ పాకం పీల్చి పీల్చి నల్లబడిన టార్పాలిన్. అది విప్పగానే వీధంతా తియ్యని వాసన కొట్టింది. చీమలు పట్టవా అని నేను అడిగాను. మన ఊరి వాసనే కదమ్మా, మంచిదే అన్నారు అన్నయ్య. అనకాపల్లిలో పుట్టి పెరిగిన ముగ్గురు మగవాళ్లు, తాడు బిగించి ముళ్లు వేసి, బెల్లంలో నానిన గుడ్డని నా కారుకి ఒళ్లంతా చుట్టారు. వేరే ఏ ఊరివాళ్లకీ ఇంత ఆలోచన రాదు. వేరే ఊళ్లో ఆ టార్పాలినే దొరకదు.

మర్నాడు నేను వైజాగ్ వెళ్లిపోయాను. ఆపరేషన్ అయింది. ఆ నొప్పి గురించి రాయను, పడినవాళ్లకి తెలుసు. మా చెల్లెలింట్లో మోకాలు వంచి చాపే కసరత్తు చేస్తున్నప్పుడల్లా నేను మనసులో బ్రేకు నొక్కేదాన్ని. ఫిజియోథెరపీ అమ్మాయి వంచమంటే వంచాను, ఇంకా అంటే ఇంకా వంచాను. ఏడ్చాను కూడా. ఎందుకంత పట్టుదలండీ అనడిగింది. గుడికెళ్లాలమ్మా అన్నాను. నిజం చెప్తే తనూ చూద్దాం అంటుందని భయం.

మా ఆయన వారం వారం వచ్చేవారు, మధ్యలో ఫోను చేసేవారు. కారెలా ఉందని అడిగితే బ్రహ్మాండంగా ఉందనేవారు. ఒకసారి మాత్రం చీమలు కాసిని వచ్చాయన్నారు. తర్వాత, కాసిని కాదన్నారు. ఇంకోసారి మాటల్లో మాటగా, వీధి ఆవులు వచ్చి టార్పాలిన్ నాకుతున్నాయని చెప్పారు. మొదట ఒక్క పెయ్యే వచ్చిందట. అది వెళ్లి మిగతావాటికి చెప్పిందో ఏమో, పొద్దున్న లేచేసరికి కారు చుట్టూ మంద ఉంటోందట. కర్రతో తోలితే వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ వచ్చి నాకుతున్నాయట. అన్నయ్యా, పక్కింటాయనా మళ్లీ సభ పెట్టారు. టార్పాలిన్ తీసేస్తే పోతుందన్న ఆలోచన ఆ సభలో ఎవరికీ రాలేదు. ఏదో చిన్న అడ్డం కట్టించామని ఫోనులో చెప్పారు. నేను ఏ తడికో అనుకున్నాను.

చేతికర్ర లేకుండా నడవడం వచ్చాక ఇంటికి తిరిగొచ్చాను. వీధిలో దిగగానే ముగ్గురూ ఎదురొచ్చారు. నన్ను చూసి సంతోషించారు, కాదనను. కానీ వాళ్లు ఎదురు చూసింది నేను గోడని చూడాలని.

ఇటుక గోడ. నా నడుము ఎత్తుంది. ఖాళీ జాగా వీధిలోకి తెరుచుకునే చోట, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఒక మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు వదిలి కట్టించారు. సిమెంటు పూత పూసి సున్నం కూడా వేయించారు. పైన బంతి మొక్కల కుండీలు పెట్టారు. గోడ వెనక నా కారు, టార్పాలిన్ కింద, ఇటుకల మీద.

"బాగుందా?" అన్నారు మా ఆయన.

"కారెలాగ వస్తాదండీ?" అన్నాను.

ముగ్గురూ గోడ వంక చూశారు. కారు వంక చూశారు. నిజంగా వాళ్లకి నా ప్రశ్న అర్థం కాలేదు. అన్నయ్య ఎంతో నెమ్మదిగా, పిల్లల్ని అడిగినట్టు అడిగారు.

"ఎక్కడికమ్మా రావడం?"

పక్కింటాయన వెంటనే ఫోను తీసి, క్రేనుతో కారుని గోడ మీంచి దాటించే వీడియో ఏదో వెతకడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చిన వాళ్లని ఎప్పుడూ అననివన్నీ ఆ రోజు అన్నాను. పొగ గొట్టంలో లుంగీ కుక్కారు, పొగాకు పెట్టారు, నిమ్మకాయలు పిండారు, గోడ కట్టారు, ఇంత పాటుపడి మళ్లీ బయటికి రాని బండినా పడుకోబెట్టారు అనడిగాను. పడుకోబెట్టడం కాదు, పాతిపెట్టడమని కూడా అన్నాను. అన్నయ్య కొట్టు తెరవాలని వెళ్లిపోయారు. పక్కింటాయన నెట్ రావడం లేదని లోపలికెళ్లారు. మా ఆయన ఒక్కరే మిగిలారు. బంతి కుండీని ఇటూ అటూ జరుపుతూ నిలబడ్డారు.

ఆయన మీద నాకు చాలా కోపాలున్నాయి. ఇన్నేళ్ల కాపురంలో ఎవరికుండవు. కానీ అంత చిన్నబోయిన ముఖం ఎప్పుడూ చూడలేదు. ఆస్పత్రిలో మొదటిసారి నన్ను లేపి నిలబెట్టినప్పుడు నేను అరిచిన అరుపు ఆయన విన్నారు. ఆ తర్వాత రెండు రోజులు అన్నం తినలేదని మా చెల్లెలు చెప్పింది. అది నేను మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు.

"నువ్వు నడిత్తే సాలనుకున్నానే," అన్నారు, నా వంక చూడకుండా. "నడుపుతావని అనుకోనేదు."

కోపం పోయిందని చెప్పను. కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందు పడాలో తెలియక గోడ మీద చెయ్యి వేసి నిలబడిపోయాను. ఆయన కుండీలు ఒక్కొక్కటీ దింపి లోపల పెట్టడం మొదలుపెట్టారు.

గోడ మాత్రం మొత్తం తీయించాను. తాపీమేస్త్రీ ఇంత మంచి గోడని పడగొట్టాలంటే చేతులు రావడం లేదన్నాడు. కింద రెండు వరసలైనా ఉంచుదామన్నారు అన్నయ్య, కూర్చోడానికి బాగుంటుందట. ఒప్పుకోలేదు. టార్పాలిన్ విప్పితే అది కారు రంగుతో సహా ఊడొచ్చింది. పొగాకు కాడల మధ్యే ఎలకలు కాపురం పెట్టి వైర్లు కొరికాయి. మెకానిక్ వచ్చి, ఇటుకల మీంచి దించి బాగు చేసేదాకా నేను రోజూ వెళ్లి, డ్రైవరు సీట్లో కూర్చుని పెడలు నొక్కి చూసుకునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున్న బండి బయటికి తీశాను. వీధిలో మగవాళ్లందరూ వచ్చారు. రైటు కొట్టు, లెఫ్టు కొట్టు, రా రా రా, ఆగాగు అని అందరూ ఒకేసారి చేతులూపారు. పక్కింటాయన వీడియో తీస్తున్నారు. అన్నయ్య వెనక చక్రం దగ్గర వంగి దారి చూపిస్తున్నారు. అందరూ చక్రాలు చూస్తున్నారు. మా ఆయన మాత్రం కిటికీ పట్టుకుని బండితో పాటే నడుస్తూ, లోపలికి వంగి నా మోకాలి వంక చూస్తున్నారు.