ఈరాసి అక్క బెండకాయల మొక్కు

సాల్వడార్ నగరంలో మా మెట్ల సందులో సెప్టెంబరు వచ్చిందంటే ఈరాసి అక్క గుమ్మం ముందు పీటలు పడేవి. వెయ్యి బెండకాయలు. ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచాకే కత్తి పెట్టాలి, తడి తగిలితే జిగురు ఆగదు. సందులోని ఆడవాళ్ళంతా వచ్చి సన్నగా తరిగేవారు. చేతులకంటే నోళ్ళే ఎక్కువ పనిచేసేవి.

నలుగురి బట్టలూ ఇస్త్రీ చేసి బతికిన మనిషి ఆవిడ. ఏటా ఇలా వండి పెట్టే మొక్కు మాత్రం ఆవిడ తల్లిది. మూడేళ్ళప్పుడు ఈరాసి అక్క కవల తమ్ముడు అజెనోర్‌కి జ్వరం ముదిరింది. బిడ్డ బతికితే ఏటా ఏడుగురు పిల్లలకి కరూరు అనే బెండకాయ కూర వండి పెడతానని తల్లి కవల సాధువులు కొజ్మి, దమియావ్‌లకి మొక్కుకుంది. బతికాడు. తల్లి పోయాక గరిటె కూతురి చేతికొచ్చింది. ఏడుగురూ ఒకే బేసిన్ చుట్టూ కూర్చుని చేత్తో తినాలి. వాళ్ళు తినందే పెద్దలు ముట్టరు. ఒక్కరు తగ్గినా మొక్కు తీరనట్టే.

ఒకప్పుడు ఆ ఏడు చోట్ల కోసం పిల్లలం జుట్లు పట్టుకునేవాళ్ళం. మేం పెద్దవాళ్ళమయ్యాక ఒక ఏడాది మాత్రం ఆరుగురే దొరికారు. సందులో సగం ఇళ్ళు కొత్త చర్చిలో చేరాయి. సాధువులకి మొక్కిన తిండి వాళ్ళకి నిషిద్ధం. ఈరాసి అక్క వాళ్ళలో ఒకామె, మరీవాల్డా తలుపు తట్టింది.

"మీ చిన్నదాన్ని పంపవే. పుట్టినప్పుడు దాని గుడ్డలు నేనే ఇస్త్రీ చేశాను."

"ఏమనుకోకు అత్తా, మా పాస్టరుగారు ఒప్పుకోరు."

"ఆయన చొక్కాలూ నేనే ఇస్త్రీ చేస్తున్నా. చొక్కాకి లేని అంటు నా కూరకొచ్చిందా?"

మరీవాల్డా నవ్వాపుకోలేకపోయింది కానీ, పిల్లని పంపలేదు.

పొయ్యి మీద తరిగిన బెండకాయలు, ఎండు రొయ్యలు, జీడిపప్పు, వేరుశనగ కలిసి ఉడికి, ఎర్ర పామాయిల్ పైకి తేలింది. ఆరుగురు పిల్లలూ బేసిన్ చుట్టూ మోచేతులతో పొడుచుకుంటున్నారు. ఈరాసి అక్క గరిటె ఎత్తి ఆగిపోయింది.

"అమ్మ చేతిలో తప్పలేదు, నా చేతిలో తప్పేట్టుంది," అంది.

అజెనోర్ గడప మీద కూర్చుని బీరు తాగుతున్నాడు. ఆవిడ అతనికేసి కాసేపు చూసింది.

"ఒరేయ్, ఆ సీసా అక్కడ పెట్టి, చెప్పులు విప్పి వచ్చి కూర్చో."

"ఎక్కడ?"

"పిల్లల్లో."

"అరవై నాలుగేళ్ళవాణ్ణి! నీకు మతి పోయిందా?"

"అమ్మ మొక్కుకున్నప్పుడు నీకు మూడేళ్ళు. సాధువుల లెక్కలో నువ్వింకా అంతే."

"పళ్ళు కూడా మూడే ఉన్నాయి, సరిపోయింది!" అని పక్కింటి క్రిస్పీనా అనేసరికి సందంతా గొల్లుమంది.

మోకాళ్ళు పటపటమంటుండగా అజెనోర్ నేల మీద చతికిలబడ్డాడు. "మొదటిసారి పెట్టినప్పుడు నేనూ ఇలాగే కూర్చున్నానా అక్కా?" అన్నాడు మెల్లగా.

"లేదురా. అప్పుడే జ్వరం నుంచి లేచావు. మా అందరికీ కరూరు, నీకు గంజి. గోడవైపు తిరిగి ఏడ్చావు."

ఆవిడ గరిటెలతో కరూరు వడ్డించింది. అతను బేసిన్‌లో చెయ్యి పెట్టాడు.

"తాతా, ఆ పెద్ద రొయ్య నాది!" పక్కనున్న పిల్ల అతని మణికట్టు పట్టుకుంది.

"ముందు నేను చూశాను," అంటూ అజెనోర్ దాన్ని నోట్లో వేసేసుకున్నాడు.

ఈరాసి అక్క తన ఏప్రన్ అంచుతో ముఖం తుడుచుకుని, ఆ పిల్ల ముందు ఇంకో గరిటె వేసింది. మేం ఖాళీ పళ్ళేలు పట్టుకుని ఆవిడ వెనక నిలబడ్డాం.