ఆకుపచ్చ గింజ ఎవరిది?

ఖాజా సాబ్ కన్నుమూశారన్న వార్త నాకు జిమల్‌గట్ట బస్సు దిగిన ఒక అపరిచితుడి నోట తెలిసింది. మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచ కలప డిపోలో ఆయన పక్క బల్ల నాదే. అయినా ఎవరూ కబురు పెట్టలేదు. సంతాప సభలో ప్యూన్ దాకా అందరూ మాట్లాడారు, నన్ను పిలవలేదు. అక్కడ దక్కని మాట ఇక్కడ రాస్తున్నాను.

గడ్చిరోలి కొత్తగా జిల్లా అయ్యాక టేకు వేలం ప్రకటన ముసాయిదా అక్కడి నుంచి మరాఠీలో వచ్చేది. మేము తెలుగు చేసి, దిద్ది పంపేవాళ్లం. వానలకు బస్సులు ఆగితే అక్కడొకరు, ఇక్కడొకరు పాత ప్రతినే దిద్దేవారు. ఒకసారి కొత్త గుమస్తా పోశన్న సాఫు ప్రతి రాయగానే పాతవన్నీ చించి పారేశాడు. ఏ కుప్ప అంకె ఎవరు మార్చారో తేలక, వేలంలో ఒకే టేకు కుప్ప కోసం ఇద్దరు వ్యాపారులు కొట్టుకునేదాకా వచ్చారు. డిపో అధికారి పోశన్న మీద విరుచుకుపడితే ఖాజా సాబ్ అడ్డుపడ్డారు.

"జర ఆగుండ్రి సాబ్. సాఫుగ రాసినంక పాతది పారేసుడు ఇంట్ల నేర్చిన శుభ్రం. గా అలవాటు ఆటతోని మాన్పిస్త."

ఆ మధ్యాహ్నమే వరండాలో సుద్దతో గళ్లు గీశారు. ఒక్కో గడి ఒక్కో ప్రతి. ముసాయిదా మార్చినవాడు తర్వాతి గడిలో తన చింతగింజ పెట్టాలి. వెనకటి గింజ తీస్తే ఓడినట్టే, తియ్యకుండా చివరి గడికి ముందు చేరితే గెలిచినట్టే. ఒకే గడి నుంచి ఇద్దరు చెరో దారి పడితే, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని మళ్లీ ఒకే గడిలో కలవాలి. మరాఠీ సరిగా రానివాళ్లకు, ఇంట్లో గోండీ మాట్లాడేవాళ్లకు కూడా పని పట్టుబడింది. టైపిస్టు శాంత ఆయన్నే ఓడించింది.

"అగో, గురువునే మింగింది!" అని ఆయనే చప్పట్లు కొట్టారు. నేను గెలిచిన రోజు ఎవరూ కొట్టలేదు.

అసలు ఆయన తెచ్చినవన్నీ మామూలు గింజలు. "ఎవడు మార్చిండో ఎట్ల తెలుస్తది ఖాజా భాయ్? ఒక్కొక్కలకు ఒక్కో రంగు పుయ్యాలె" అన్నది నేను. మా తలుపులకు తెచ్చిన ఆకుపచ్చ రంగు డబ్బా ఇచ్చిందీ నేనే. ఏటపల్లి నుంచి అధికారులు చూడటానికి వస్తే ఆయన "మా ఆఫీసోల్ల ఆట సాబ్" అన్నారు. ఆఫీసోళ్లట!

"నా పేరెందుకు చెప్పలే?" అని సాయంత్రం నిలదీశాను.

"చెప్త మల్లన్నా. ఇగ ఏం తొందర?" అని భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఎన్నిసార్లు వేశారో! పేరు మాత్రం చెప్పలేదు.

అసూయతో రాస్తున్నాననేవాళ్లుంటారు. అవును, అసూయే. చాయ్ ముందు ఆయన బల్లకే వచ్చేది. తప్పు చేసినవాణ్ణి తలదించుకోనివ్వకుండా నేర్పే విద్య ఈ సరిహద్దు కార్యాలయాల్లో ఆయనకొక్కరికే అబ్బింది. ఆ లోటు తీరేది కాదు. నాకు ముప్ఫై జన్మలెత్తినా ఆ విద్య రాదు.

నిన్న వరండాలో శాంత కొత్తవాళ్లకు ఆట నేర్పుతోంది. ఆకుపచ్చ గింజ చూపించి "ఇదెవలదక్కా?" అని ఒకరు అడిగారు. "ఖాజా సాబ్‌ది. ఆయన ఇంకో రంగు ముట్టకపోతుండె" అంది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

మార్చిన ప్రతివాడి గుర్తూ మిగలాలని నేర్పిన మనిషి నా గుర్తు ఎక్కడ ఉంచారు? అన్ని రంగులుండగా నా తలుపు రంగే చేతబట్టింది నన్ను తలుచుకోవడానికా, చెరిపెయ్యడానికా? చెప్తానన్న మనిషి చెప్పకుండా వెళ్లిపోయారు. శాంతా, పోశన్నా, ఆయనతో ఒక్క ఆటైనా ఆడినవాళ్లారా, మీలో ఎవరైనా సరే, నాకు జవాబు చెప్పండి.